ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డ కడుతున్నా కింది అర చల్లబడడం లేదు: గ్యాస్ అయిపోయినట్లేనా?

నీలిగోరింట (ప్రశ్న)

మా ఇంట్లో ఉన్నది ఏడేళ్ల నాటి రెండు తలుపుల ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్. పైన ఫ్రీజర్, కింద మామూలు అర. మూడు వారాల కిందట కింది అరలో పెట్టిన పాలు ఒక్క రోజులోనే విరిగిపోవడంతో అనుమానం మొదలైంది. ఫ్రీజర్‌లో మాత్రం ట్రేలో పోసిన నీళ్లు ఎప్పటిలాగే గడ్డ కడుతున్నాయి. లోపలి దీపం వెలుగుతోంది, వెనుక కంప్రెసర్ దాదాపు ఆగకుండా నడుస్తోంది. చల్లదనం పెంచే బిరడాను చివరిదాకా తిప్పి రెండు రోజులు చూశాను. మెరుగు కనిపించకపోగా మూడో రోజుకు కింది అర మరింత వెచ్చబడినట్లు అనిపించింది.

ఇంటికి వచ్చిన మెకానిక్ తలుపు తెరిచి చేయి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయిందని, మళ్లీ ఎక్కించాలని ఒక్క మాటలో తేల్చేశాడు. ఏ భాగాన్నీ విప్పలేదు, ఏ కొలతా తీసుకోలేదు. ఆలోచించుకుని చెబుతానని పంపేశాను. ఈలోగా మేము రెండు రోజులు ఊళ్లో లేకపోవడంతో ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి ఉంచి వెళ్లాము. తిరిగివచ్చి ప్లగ్గు పెట్టగానే కొత్తదానిలాగా పనిచేయడం మొదలుపెట్టింది. తొమ్మిది రోజులపాటు ఏ ఇబ్బందీ లేదు. పదో రోజు నుంచి మళ్లీ అదే కథ.

మరొక సంగతి కూడా రాయాలి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు గాని. మొదటిసారి చెడడానికి ముందు నాలుగైదు రోజులపాటు ఫ్రీజర్ వెనుక నుంచి ఏదో రేకుకు తగులుతున్నట్లు టకటకమని చప్పుడు వచ్చేది. ఆ తర్వాత దానంతట అదే ఆగిపోయింది. నిజంగా గ్యాసే అయిపోయి ఉంటుందా? నా దగ్గర ఒక చిన్న మల్టీమీటర్ ఉంది, దానిని వాడడం కొంతవరకు తెలుసు.

వేపచెట్టు

గ్యాసే అయి ఉంటుందండీ. రెండేళ్ల కిందట మా ఫ్రిజ్‌కూ ఇలాగే చల్లదనం తగ్గి, కంప్రెసర్ రాత్రింబవళ్లు నడిచేది. గ్యాస్ ఎక్కించిన తర్వాత బాగుపడింది. ఏడేళ్లు వాడిన యంత్రంలో గ్యాస్ తగ్గకుండా ఎలా ఉంటుంది? ఆలస్యం చేసే కొద్దీ కంప్రెసర్ కూడా పాడవుతుంది కాబట్టి మెకానిక్ చెప్పినట్లు చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

పాత రెంచి

ఇరవై ఆరేళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసి మానుకున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

వేపచెట్టు గారి అనుభవం అబద్ధమని నేననను. అయితే వారి ఫ్రిజ్‌కు వచ్చిన జబ్బు వేరు, ఈ ఫ్రిజ్‌కు వచ్చిన జబ్బు వేరు. నీలిగోరింట గారు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక్క వాక్యంలోనే జవాబు ఉంది. రెండు రోజులు ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి ఉంచితే ఆ తర్వాత తొమ్మిది రోజులు చక్కగా పనిచేసిందన్నారు. బయటకు పోయిన గ్యాస్, ప్లగ్గు పీకినంత మాత్రాన గొట్టాల్లోకి తిరిగి రాదు. రెండు రోజుల విశ్రాంతితో నయమై, మళ్లీ కొద్ది రోజులకు తిరగబెట్టే జబ్బు అంటే, కరిగిపోయేది ఏదో అడ్డం పడుతోందని అర్థం. ఫ్రిజ్‌లో కరిగేది మంచు ఒక్కటే కదా.

పైగా ఫ్రిజ్‌లో గ్యాస్ వాడుకుంటే తరిగేది కాదు. అది మూసి అతికిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎన్నేళ్లయినా అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతకకుండా మళ్లీ ఎక్కిస్తే అది కూడా పోతుంది.

ఫ్రాస్ట్‌ఫ్రీ అన్న పేరు చూసి లోపల మంచే పట్టదని చాలామంది అనుకుంటారు. పడుతుంది, మన కంటికి కనబడని చోట పడుతుంది. ఫ్రీజర్ వెనుక గోడలా కనిపించే ప్లాస్టిక్ పలక వెనుక, సన్నని అల్యూమినియం రేకులు తొడిగిన కూలింగ్ కాయిల్ ఒకటి ఉంటుంది. మీ ఫ్రిజ్ లాంటి వాటిలో మొత్తానికి చల్లదనం పుట్టే చోటు అదొక్కటే, కింది అరకు వేరే కాయిల్ ఉండదు. కాయిల్‌కు పైన ఉండే చిన్న ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలిని లాగి, ఎక్కువ భాగం ఫ్రీజర్‌లోకి, కొంత భాగం ఒక గొట్టం లాంటి దారి గుండా కింది అరలోకి పంపుతుంది. మనం తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వచ్చే గాలిలోని తేమ ఆ రేకుల మీద మంచుగా పేరుకుంటుంది. దానిని ఎప్పటికప్పుడు కరిగించడానికి కాయిల్ కింద ఒక హీటర్ ఉంటుంది. టైమర్ ఉన్న పాత రకాల్లో, కంప్రెసర్ 8 నుంచి 12 గంటలు నడిచాక టైమర్ కంప్రెసర్‌ను ఆపి, 20 నుంచి 30 నిమిషాలపాటు ఆ హీటర్‌కు కరెంటు ఇస్తుంది. కరిగిన నీరు సన్నని గొట్టం గుండా కిందికి జారి, కంప్రెసర్ పైన ఉండే పళ్లెంలో చేరి, కంప్రెసర్ వేడికే ఆవిరైపోతుంది. ఇదంతా రోజూ మనకు తెలియకుండానే జరిగిపోతుంది కాబట్టి, ఆగిపోయినప్పుడు కూడా మనకు తెలియదు.

మీ ఫ్రిజ్‌లో ఈ కరిగించే పని ఆగిపోయిందని నా నమ్మకం. మొదట రేకుల సందులు మంచుతో పూడుకుంటాయి. గాలి ఆడదు. కాయిల్ పక్కనే ఉన్న ఫ్రీజర్ గాలి ఆడకపోయినా చాలా రోజులు చల్లగానే ఉంటుంది, కాని గాలి మీదే ఆధారపడి బతికే కింది అరకు మాత్రం చల్లదనం చేరదు. మంచు ఇంకా పెరిగి ఫ్యాన్ రెక్కలకు తగలడం మొదలైనప్పుడు వచ్చిందే మీరు విన్న టకటక. అది దానంతట అదే ఆగిపోవడం శుభసూచకం కాదు, ఫ్యాన్ మంచులో బిగుసుకుపోయి ఉంటుంది. బిరడా చివరిదాకా తిప్పడం వల్ల మరింత చెడడం కూడా ఇందుకే: కంప్రెసర్‌కు విరామం లేకుండా పోయి, కాయిల్ ఇంకా చల్లబడి, మంచు ఇంకా గట్టిపడుతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును నీరుగా మార్చడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. 200 వాట్ల హీటర్ ఆ వేడినంతా మంచుకే ఇచ్చినా దాదాపు 28 నిమిషాలు పడుతుంది. అంటే ఆ హీటర్‌ను ఒక్క పూట పేరుకున్న పలుచని మంచు కోసమే పెట్టారు, వారం రోజుల గడ్డను కరిగించడం దాని వల్ల కాదు. కాబట్టి చెడిన భాగాన్ని మార్చినా, ముందుగా గడ్డనంతా మీరే కరిగించాలి.

నిర్ధారణ చేసుకోవడం కష్టమేమీ కాదు. ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకండి, పీకడమే మంచిది. ఫ్రీజర్ ఖాళీ చేసి, వెనుక పలకకు ఉన్న స్క్రూలు విప్పి, మెల్లగా ముందుకు లాగండి. మంచు పట్టుకుని రాకపోతే బలవంతం చేయకండి, కాసేపు తలుపు తెరిచి ఉంచితే వదులుతుంది. కాయిల్ మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రేకులు కనబడనంతగా తెల్లగా పూడిపోయి ఉంటే నేను చెప్పినదే. కాయిల్‌లో గ్యాస్ వచ్చే వైపు రెండు మూడు వరుసల మీదే మంచు ఉండి, మిగతాది పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించవచ్చు. గ్యాస్ తగ్గితే ఫ్రీజర్ కూడా నీరసపడుతుంది, నీళ్లు గట్టిగా గడ్డ కట్టవు. కాయిల్ శుభ్రంగా, పలుచని మంచుతో ఉండి ఫ్యాన్ కూడా తిరుగుతుంటే, కింది అరకు గాలి వదిలే చిన్న తలుపు బిగుసుకుపోయిందేమో చూడాలి, లేదా సామాన్లు ఆ గాలి దారికి అడ్డం పెట్టి ఉంటారు.

ఒక హెచ్చరిక, దీనిని తేలికగా తీసుకోవద్దు. కత్తితోనూ స్క్రూడ్రైవర్‌తోనూ మంచును పొడవకండి. అల్యూమినియం గొట్టం చాలా మెత్తన, ఒక్క పోటుకు చిల్లి పడుతుంది, అప్పుడు మెకానిక్ చెప్పిన గ్యాస్ జబ్బు నిజంగానే వస్తుంది. కంప్రెసర్ మీద అతికించిన కాగితంలో ఆర్600ఏ అని రాసి ఉంటే లోపలిది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లలో అది 150 గ్రాములకు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పరిమాణం చిన్నదే అయినా, మూసిన అరలో నిప్పు తగిలితే ప్రమాదమే. మంటతోనూ, వేడి గాలి ఊదే యంత్రాలతోనూ కరిగించే ప్రయత్నం చేయకండి. గిన్నెలో వేడినీళ్లు పోసి లోపల పెట్టి తలుపు మూసి, చల్లారినప్పుడల్లా మారుస్తూ ఉండండి, అది చాలు. కింద పాత తువాళ్లు పరచడం మరిచిపోకండి. మీరు ఊహించిన దానికంటే ఎక్కువ నీరే వస్తుంది.

నీలిగోరింట

పాత రెంచి గారూ, మీరు చెప్పినట్లే ఉంది. పలక వెనుక కాయిల్ ఉందన్న ఆనవాలే లేదు, పై నుంచి కింది దాకా ఒక తెల్లని దిమ్మ. ఫ్యాన్ రెక్కల కింది సగం మంచులో కూరుకుపోయి ఉంది. పూర్తిగా కరగడానికి వేడినీళ్ల గిన్నెలతో కూడా ఆరు గంటలు పట్టింది. తువాళ్లు చాలలేదు.

మంచు పోయాక కాయిల్ కింద గాజు గొట్టంలో ఉన్న హీటర్ కనిపించింది. ఎక్కడా పగలలేదు, నల్లబడలేదు. కాయిల్ పైభాగాన క్లిప్పుతో బిగించిన గుండ్రని బిళ్ల ఒకటి ఉంది, దాని పక్కనే ప్లాస్టిక్ తొడుగులో చిన్న గొట్టం లాంటిది మరొకటి ఉంది. బిళ్ల వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే అసలు కనెక్షనే లేదు. అంటే ఆ బిళ్లే పోయినట్లు కదా? కొత్తది తెచ్చి వేసేయవచ్చా?

కొలతల పిచ్చి

ఆగండి, ఇంకా తేకండి. ఇక్కడ చాలామంది పొరబడతారు, మొదటిసారి నేనూ పొరబడ్డాను.

ఆ గుండ్రని బిళ్లను బైమెటల్ అంటారు. అది ఒక స్విచ్ లాంటిది, కాని దానిని కదిలించేది ఉష్ణోగ్రత. కాయిల్ బాగా చల్లబడినప్పుడు, ఎక్కువ రకాల్లో సున్నాకు 5 నుంచి 10 డిగ్రీలు దిగువకు వెళ్లాక, కలుసుకుంటుంది. మంచు కరిగిపోయి కాయిల్ 10 డిగ్రీలు దాటి వెచ్చబడగానే విడిపోయి హీటర్‌ను ఆపేస్తుంది. దాని ఉద్యోగమే అది. మీరు ఆరు గంటలు మంచు కరిగించి, గది వేడిలో ఉన్న బిళ్లను కొలిచారు కాబట్టి అది విడిపోయి ఉండడమే సక్రమం. కలిసి ఉంటేనే చెడిపోయినట్లు. బాగున్న బైమెటల్‌ను ఇలా కొలిచి పారేసి, కొత్తది వేసి, వారానికి మళ్లీ అదే మంచును చూసి తల పట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

దానిని సరిగ్గా పరీక్షించాలంటే చల్లబరచాలి. మామూలు మంచు ముక్కల్లో ముంచితే చాలదు, ఎందుకంటే కరుగుతున్న మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, బిళ్ల కలుసుకునేది అంతకంటే కింద. దంచిన మంచులో ఉప్పు బాగా కలిపితే ఆ మిశ్రమం సున్నాకు 10 డిగ్రీల కంటే దిగువకు సులభంగా దిగుతుంది, జాగ్రత్తగా చేస్తే ఇంచుమించు 20 దాకా కూడా వెళుతుంది. బిళ్లను తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వైర్లు బయటకు ఉంచి, అందులో పది నిమిషాలు పాతిపెట్టండి. మీటర్ దాదాపు సున్నా ఓములు చూపితే బైమెటల్ బాగున్నట్లే.

పక్కనే ఉన్న రెండోది థర్మల్ ఫ్యూజు. అది వేడిలోనూ చలిలోనూ ఎప్పుడూ కలిసే ఉండాలి. ఏ కారణం చేతనైనా హీటర్ ఆగకుండా వేడెక్కిపోతే, సుమారు 70 డిగ్రీలు దాటాక అది ఒక్కసారి కాలి తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. దానిని గది వేడిలోనే కొలవవచ్చు.

హీటర్‌ను కొలిచేటప్పుడు దాని రెండు వైర్ల ప్లగ్గును విడదీసి కొలవండి, లేకపోతే పక్క దారుల నిరోధం కూడా కలిసి తప్పు అంకె వస్తుంది. ఎంత రావాలన్నది లెక్క వేసుకోవచ్చు: ఓల్టేజీని ఓల్టేజీతో గుణించి వాట్లతో భాగించాలి. 230 ఓల్టుల మీద 200 వాట్ల హీటరైతే సుమారు 264 ఓములు, 150 వాట్లదైతే సుమారు 353. ఈ చుట్టుపక్కల ఏదైనా స్థిరమైన అంకె వస్తే హీటర్ బతికి ఉన్నట్లు. గాజు పగలకపోయినా లోపలి తీగ తెగి ఉండవచ్చు కాబట్టి కంటిచూపును నమ్మవద్దు.

ఈ మూడూ బాగుంటే అప్పుడు మిగిలేది వాటికి కరెంటు పంపవలసినది. పాత రకాల్లో అది టైమర్. దాని మీద స్క్రూడ్రైవర్‌కు సరిపడే గాడి ఒకటి ఉంటుంది, మెల్లగా తిప్పితే ఒకచోట టక్కుమని కంప్రెసర్ ఆగిపోవాలి, హీటర్‌కు కరెంటు వెళ్లాలి. ఆ స్థితిలో వదిలేస్తే అరగంటలో దానంతట అది తిరిగి కంప్రెసర్‌ను నడిపించాలి. అలా తిరగకపోతే టైమర్ మోటారు పోయినట్లు. ఇన్వర్టర్ రకాల్లో టైమర్ ఉండదు, సెన్సార్ చెప్పిన ఉష్ణోగ్రతను బట్టి లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు నిర్ణయిస్తుంది. సెన్సార్‌ను కొలిచినప్పుడు చల్లబడే కొద్దీ దాని నిరోధం పెరగాలి, అంకె కదలకుండా నిలిచిపోతే దానిని అనుమానించండి. బోర్డు దాకా వస్తే మాత్రం అందులో మెయిన్స్ కరెంటు ఉంటుంది కాబట్టి తెలిసినవారికి అప్పగించడం మేలు.

మూడో అంతస్తు

చర్చకు అడ్డు వస్తున్నందుకు క్షమించండి, కాని నా సమస్యకూ దీనికీ సంబంధం ఉన్నట్లు అనిపించి అడుగుతున్నాను. మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే సరఫరాను ఆపేసే స్విచ్) రోజుకు ఒకటి రెండుసార్లు దానంతట అదే పడిపోతోంది. ఏ వేళకు పడుతుందో చెప్పలేము, అర్ధరాత్రి కూడా పడుతుంది. ఎలక్ట్రీషియన్ వైరింగంతా చూసి లోపం లేదన్నాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఉంచిన రెండు రోజులూ ఒక్కసారి కూడా పడలేదు. కాని ఫ్రిజ్ పెట్టగానే పడదు, గంటల తరబడి బాగానే నడుస్తుంది. కంప్రెసర్ లోపమేనా?

పాత రెంచి

సంబంధం ఉంది, మంచి ప్రశ్నే వేశారు. కంప్రెసర్ రోజులో పదిసార్లు ఆగి నడుస్తుంది, లోపం దానిదైతే మొదలైన ప్రతిసారీ పడిపోవాలి. గంటల తరబడి బాగా నడిచి, రోజుకు ఒకటి రెండుసార్లే పడిపోతోందంటే, రోజుకు ఒకటి రెండుసార్లే పనిచేసే భాగాన్ని చూడాలి. అది మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరే. తేమలో పెరిగే భాగం కదా, ఏళ్లు గడిచాక దాని కొసల దగ్గరి ముద్ర వదులై నీరు లోపలికి చేరుతుంది. అప్పుడు కరెంటులో కొంత ఎర్తులోకి కారుతుంది. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీలు ఎక్కువగా 30 మిల్లీఆంపియర్ల కారుడుకే పడిపోయేలా చేసినవి.

మామూలు మల్టీమీటర్‌తో హీటర్ కొసకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే కొన్నిసార్లు తెలుస్తుంది, అన్నిసార్లూ కాదు, ఎందుకంటే మీటర్ ఇచ్చే చిన్న ఓల్టేజీకి ఆ లోపం బయటపడకపోవచ్చు. ఎక్కువ ఓల్టేజీ పెట్టి ఇలాంటి కారుడును పట్టే మెగ్గర్ అనే మీటర్ ఉన్నవారితో కొలిపిస్తే నిస్సందేహంగా తేలుతుంది. ఈలోగా విసుగుతో ఆర్‌సీసీబీని తప్పించి ఫ్రిజ్‌ను నేరుగా కలిపే పని మాత్రం చేయకండి. ఫ్రిజ్ ఒళ్లు రేకు, దానిని తాకేది మీరే.

మూడో అంతస్తు

టైమర్ గాడి తిప్పి చూశాను. తిప్పిన రెండు నిమిషాలకే ఆర్‌సీసీబీ పడిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ పడింది. కృతజ్ఞతలు, మెగ్గర్ ఉన్న మనిషిని వెతుకుతాను.

నీలిగోరింట

కొలతల పిచ్చి గారు చెప్పిన వరుసలోనే చూశాను. హీటర్ ప్లగ్గు విడదీసి కొలిస్తే 288 ఓములు వచ్చింది, లెక్క వేస్తే సుమారు 184 వాట్లు. బైమెటల్‌ను ఉప్పు కలిపిన మంచులో పెట్టాను. ఆరో నిమిషంలో టిక్కుమన్న చిన్న చప్పుడుతో కలుసుకుంది, బయటకు తీసి చేతిలో పట్టుకున్న కాసేపటికి మళ్లీ విడిపోయింది. మీరు ఆపకపోతే దీనినే పారేసి ఉండేవాణ్ణి. తెగినది ఫ్యూజు. ఎటు తిప్పి కొలిచినా కనెక్షన్ లేదు.

ఇప్పుడు నా సందేహం, ఫ్యూజు ఒక్కటే మార్చితే సరిపోతుందా? ఒక మిత్రుడు ఫ్యూజు తీసేసి ఆ రెండు వైర్లనూ కలిపి చుట్టేయమన్నాడు, బైమెటల్ ఎలాగూ హీటర్‌ను ఆపుతుంది కదా అని ఆయన వాదన.

పాత రెంచి

మీ మిత్రుడికి నమస్కారం పెట్టి, ఆ సలహాను మాత్రం పక్కన పెట్టండి. ఫ్యూజు ఉన్నదే బైమెటల్ ఆపలేకపోయిన రోజు కోసం. బైమెటల్ లోపలి కొసలు ఒకదానికొకటి అతుక్కుపోయి విడిపోకపోతే, మంచు కరిగిన తర్వాత కూడా హీటర్ నడుస్తూ, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నూ ఫోమునూ కాలుస్తుంది. ఇంట్లో ఎవరూ చూడని చోట, రాత్రిపూట. వైర్లు కలిపి చుట్టిన ఫ్రిజ్‌లలో వెనుక పలక కరిగి వంకర పోయిన వాటిని నా చేతులతో విప్పాను.

ఇక రెండో ప్రశ్న. ఫ్యూజు ముసలితనంతో కూడా తెగుతుంది, ఏడేళ్లపాటు రోజూ వేడెక్కి చల్లారుతూ ఉంటుంది కదా. కాని బైమెటల్ ఒకసారి అతుక్కుపోయి, ఫ్యూజును కాల్చి, ఆ తర్వాత విడిపోయి ఉండే అవకాశం కూడా ఉంది. ఉప్పు మంచులో ఒకసారి సక్రమంగా పనిచేసినంత మాత్రాన ఆ అనుమానం తీరదు. చాలా రకాలకు బైమెటల్, ఫ్యూజు ఒకే కట్టగా వైర్లతో సహా దొరుకుతాయి. రెండూ కలిపి మార్చండి. ఫ్రిజ్ వెనుక ఉన్న మోడల్ నంబరు ఫోటో తీసి చూపించి కొనండి, బిళ్ల మీద రాసిన అంకెలు పాతదానికి సరిపోవాలి. కొత్త బిళ్లను పాతది ఉన్న చోటే, కాయిల్ గొట్టానికి గట్టిగా ఆనేలా క్లిప్పు చేయండి. గాలిలో వేలాడదీస్తే అది కాయిల్ కంటే ముందే వేడెక్కి, మంచు సగం కరిగేసరికి హీటర్‌ను ఆపేస్తుంది.

పలక మూసేముందు నీరు జారే రంధ్రంలో ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోయండి. అవి వెనుక పళ్లెంలోకి రావాలి. రాకపోతే గొట్టంలో మంచు గాని చెత్త గాని ఉన్నట్లే, ఇంత పని చేసి దానిని వదిలేస్తే నెల తిరక్కుండా కింది అర అడుగున నీరు నిలుస్తుంది. తలుపు రబ్బరు సంగతి కూడా చూసుకోండి: కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే నాలుగు వైపులా బిగువుగా ఉండాలి.

వేపచెట్టు

నేను రాసిన మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. పాత రెంచి గారు రాసినది చదివాక మా ఫ్రిజ్ సంగతి గుర్తు చేసుకున్నాను. మా దాంట్లో అప్పుడు ఫ్రీజర్ కూడా చల్లబడేది కాదు, ప్లగ్గు పీకి పెట్టినా తేడా ఉండేది కాదు. రెండింటిలోనూ కంప్రెసర్ ఆగకుండా నడిచేది కాబట్టి ఒకటే జబ్బు అనుకున్నాను. అయితే ఒక మాట అడగాలి, గ్యాస్ ఎక్కించిన పద్నాలుగు నెలలకు మాది మళ్లీ అలాగే అయింది, రెండోసారి కూడా ఎక్కించారు. అది కారుతున్నట్లేనా?

పాత రెంచి

కారుతున్నట్లేనండీ. ఈసారి ఎక్కించేముందు గొట్టాల్లో నైట్రోజన్ నింపి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూపించమని అడగండి. కారే చోటు అతకకుండా మూడోసారి ఎక్కించుకోవద్దు.

నీలిగోరింట

బైమెటల్, ఫ్యూజు కట్ట మార్చి నేటికి ఇరవై మూడు రోజులు. రంధ్రంలో నీళ్లు పోస్తే మొదట పళ్లెంలోకి రాలేదు, మెత్తని ప్లాస్టిక్ గొట్టం పెట్టి కదిలిస్తే ఒక నల్లని ముద్ద ఊడి పడింది. ఆ తర్వాత ధారగా వచ్చాయి. ప్లగ్గు పెట్టి ఒక రోజు నడిపాక టైమర్ గాడి తిప్పి చూస్తే కాయిల్ వైపు నుంచి చుయ్‌చుయ్‌మని నీటిబొట్లు వేడి గాజు మీద పడుతున్న చప్పుడు వినిపించింది, పావుగంటకు వెనుక పళ్లెంలో నీరు చేరింది.

కింది అరలో గ్లాసెడు నీళ్లలో థర్మామీటర్ ఉంచి ప్రతి ఉదయం చూస్తున్నాను. మొదటి వారం 4 డిగ్రీలు, ఆ తర్వాత బిరడాను మధ్యకు తెచ్చాక 5. నిన్న పలక ఒకసారి విప్పి చూశాను, రేకులన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి, వాటి మీద పలుచని తెల్లపొర మాత్రమే ఉంది. తెగిన పాత ఫ్యూజును, బాగానే ఉన్న పాత బైమెటల్‌నూ ఒక సంచిలో వేసి దాచాను. ఆ మెకానిక్ మళ్లీ కనబడితే చూపించాలని ఉంది.